ఖడ్గమృగమా, సీతాకోకచిలుకా? రెండు జావాస్క్రిప్ట్ పుస్తకాల కథ

డేవిడ్ ఫ్లానగన్ రాసిన ‘జావాస్క్రిప్ట్: ది డెఫినిటివ్ గైడ్’ ఆరో ఎడిషన్ 2011లో వచ్చింది. అట్ట మీద ఖడ్గమృగం, లోపల దాదాపు 1,100 పేజీలు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రాసిన ‘జావాస్క్రిప్ట్: ది గుడ్ పార్ట్స్’ 2008 నాటిది. అట్ట మీద సీతాకోకచిలుక, లోపల రెండు వందల పేజీలు కూడా లేవు. రెండూ ఓరైలీ ప్రచురణలే. వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్న ఒక తరానికి ఈ రెండూ బల్ల మీది పుస్తకాలు. అన్నీ చెప్పడం ఫ్లానగన్ పద్ధతి, ఏరి చెప్పడం క్రాక్‌ఫర్డ్ పద్ధతి. ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎక్కడ పనికొచ్చింది, ఏది ఎందుకు పాతబడిందన్నదే ఇక్కడి ప్రశ్న.

రెండింటినీ == గుర్తు దగ్గర పక్కపక్కన పెట్టి చూద్దాం. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను 0తో == పెట్టి పోలిస్తే సమానమే అంటుంది. 0ని '0' అనే స్ట్రింగ్‌తో పోల్చినా సమానమే. తీరా ఖాళీ స్ట్రింగ్‌నూ '0'నూ పోలిస్తే మాత్రం కాదంటుంది. ఈ వింత ఎలా పుడుతుందో ఫ్లానగన్ విప్పి చూపిస్తారు. ఒకవైపు సంఖ్య, మరోవైపు స్ట్రింగ్ ఉంటే స్ట్రింగ్‌ను సంఖ్యగా మారుస్తుంది. ట్రూ, ఫాల్స్‌లు 1, 0 అయిపోతాయి. నల్, అన్‌డిఫైన్డ్ ఒకదానికొకటి సమానం. ఇలా నియమాలన్నీ వరసగా ఉంటాయి. క్రాక్‌ఫర్డ్‌కు అంత ఓపిక లేదు. == ను చెడ్డ భాగాల అనుబంధంలో పడేసి, రకం మార్చకుండా పోల్చే ===నే ఎప్పుడూ వాడమని తేల్చేస్తారు.

కొత్తగా కోడ్ రాసేవాడికి క్రాక్‌ఫర్డ్ మాటే మేలు, తప్పులు తగ్గుతాయి. కానీ ఉద్యోగంలో చేరినవాడి చేతికి ముందుగా వచ్చేది ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్. అందులో ‘ఎక్స్ == నల్’ అని ఒక వాక్యం ఉంటుంది. నల్‌నూ అన్‌డిఫైన్డ్‌నూ ఒక్క దెబ్బకు పట్టుకోవడానికి అనుభవజ్ఞులు కావాలనే అలా రాస్తారు. === మంత్రం ఒక్కటే వచ్చినవాడు దాన్ని ‘సరిచేసి’ కొత్త బగ్ తెచ్చిపెడతాడు. నియమం తెలియకుండా నిషేధం ఒక్కటే తెలిస్తే వచ్చే చిక్కు ఇదే.

అలాగని క్రాక్‌ఫర్డ్‌వి ఉత్త హుకుంలు కావు, దాదాపు ప్రతిదానికీ కారణం ఉంటుంది. స్విచ్‌లో ఒక కేసు నుంచి ఇంకో కేసులోకి జారిపోయే అలవాటును తాను ఎందుకు వదులుకున్నారో ఆయనే చెబుతారు. కోడ్‌లో తప్పులు పట్టడానికి తాను తయారుచేసిన జేఎస్‌లింట్ అనే పరికరం ఇలాంటి చోట హెచ్చరించాలని ఒకరు కోరితే ముందు ఒప్పుకోలేదు. మర్నాడే జేఎస్‌లింట్‌లో బయటపడ్డ బగ్ సరిగ్గా ఆ రకానిదే! రిఫరెన్స్ పట్టికల్లో ఇలాంటి అనుభవం దొరకదు. ఫ్లానగన్ పుస్తకంలో ఏది వాడకూడదో తెలుసుకోవాలంటే చాలాచోట్ల మనమే ఊహించుకోవాలి. మంచీ చెడూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే స్వరంలో ఉంటాయి.

ఇక తెలుగువాళ్లకు తగిలే విషయం. ‘తెలుగు’ అనే స్ట్రింగ్ పొడవెంత అని జావాస్క్రిప్ట్‌ను అడిగితే 6 అంటుంది. మన కంటికి మూడక్షరాలే. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని అది విడివిడిగా లెక్కపెడుతుంది. స్ట్రింగ్ అంటే 16 బిట్ల విలువల వరస అని ఇద్దరూ చెప్పారు. ఫ్లానగన్ మరో అడుగు వేసి, పొడవు అంటే ఆ విలువల సంఖ్యేనని స్పష్టంగా రాశారు కాబట్టి 6 ఎలా వచ్చిందో ఆ పుస్తకంతో తేల్చుకోవచ్చు. మూడక్షరాలుగా విడగొట్టడం ఎలాగన్నది మాత్రం రెండింటిలోనూ లేదు. ఆ పని చేసే ఇంట్ల్.సెగ్మెంటర్ అప్పటికి పుట్టనే లేదు. అచ్చు పుస్తకం తన నాటి వరకే చెప్పగలదు.

వయసు రెండింటి మీదా పడింది, కానీ ఒకేలా కాదు. ఫ్లానగన్ ఆరో ఎడిషన్‌లో జేక్వెరీకి ఏకంగా ఒక అధ్యాయం ఉంది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం అటాచ్‌ఈవెంట్ వివరాలున్నాయి. ఆ బ్రౌజర్ చివరి వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ 2022లో సెలవు చెప్పింది. ఇవి ఎండిన కొమ్మలు, నరికితే చెట్టుకు నష్టం లేదు. క్రాక్‌ఫర్డ్ విషయంలో పాతబడింది సలహాయే. అప్పటి జావాస్క్రిప్ట్‌లో బ్లాక్ స్కోప్ లేదు కాబట్టి వేరియబుల్స్ అన్నీ ఫంక్షన్ మొదట్లోనే ప్రకటించమన్నారు. 2015లో బ్లాక్ స్కోప్ ఉన్న లెట్, కాన్స్ట్ వచ్చాక ఆ సలహాకు పునాది పోయింది. పార్స్‌ఇంట్‌కు '08' ఇస్తే 0 వస్తుంది, జాగ్రత్త అన్నారు. ఇప్పటి బ్రౌజర్లలో 8 వస్తుంది. ‘గుడ్ పార్ట్స్’కు రెండో ఎడిషన్ రాలేదు, 2018లో ఆయన ‘హౌ జావాస్క్రిప్ట్ వర్క్స్’ అనే వేరే పుస్తకం రాశారు. అందువల్ల 2008 నాటి తీర్పులు ఇప్పటికీ అదే ధీమాతో పలుకుతుంటాయి. ఏది చెల్లుతుందో ఏది చెల్లదో కొత్త పాఠకుడికి చెప్పేవారుండరు.

ఫ్లానగన్ మాత్రం తన పుస్తకాన్ని తానే కోసుకున్నారు. ఆరో ఎడిషన్ చివర సుమారు 300 పేజీలు అచ్చంగా రిఫరెన్సే: ఏ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం తిరిగి ఇస్తుంది అనే పట్టికలు. 2020లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో ఆ భాగం మొత్తం తీసేశారు. పుస్తకం తిరగేయడం కన్నా ఎండీఎన్ అనే ఆన్‌లైన్ రిఫరెన్స్‌లో వెతకడం త్వరగా అవుతుందని, దాన్ని తాజాగా ఉంచడం ఏ పుస్తకానికీ సాధ్యం కాదని ఆయనే ఒప్పుకున్నారు. పుస్తకం 700 పేజీలకు దిగింది. మిగిలింది భాష ఎలా నడుస్తుందన్న వివరణ. ఆ బరువు తగ్గడం వల్లే కొత్త విషయాలకు చోటు దొరికింది. ఒక సంఖ్యను దేవనాగరి అంకెల్లో, లక్షలు కోట్ల చొప్పున కామాలతో చూపించే ఉదాహరణ కూడా ఇందులో ఉంది.

దీన్నిబట్టి వెబ్ కోడింగ్ పుస్తకంలో ముందుగా చచ్చేది పట్టిక. ఆ తర్వాత సలహా. అన్నిటికన్నా ఎక్కువ కాలం బతికేది వివరణ. ఈ లెక్కన నా ఓటు ఖడ్గమృగానికే, అదీ ఏడో ఎడిషన్‌కు. కొంటే దాన్నే కొనండి, == నియమాలు ఒకసారి చేత్తో రాసుకుని చదవండి. సీతాకోకచిలుకను మిత్రుల దగ్గర అరువు తెచ్చుకుని, ఒక అనుభవజ్ఞుడి అభిప్రాయ వ్యాసంగా, 2008 అని గుర్తుపెట్టుకుని చదవండి, పాఠ్యపుస్తకంగా వద్దు. పాత పుస్తకాల అంగడిలో ఏ వెబ్ పుస్తకం చేతిలోకి తీసుకున్నా ధర అడిగే ముందు అచ్చయిన సంవత్సరం చూడండి. జావాస్క్రిప్ట్ పుస్తకం 2015కు ముందుదైతే రిఫరెన్స్ కోసం కొనకండి.