ఇన్‌స్టాల్ పూర్తయింది, స్క్రిప్టు మాత్రం ఆడలేదు

ర్యాక్‌లో ఉన్న సర్వర్లన్నీ ఒకేసారి నెట్‌వర్క్ నుంచి బూట్ అవుతాయి. కీబోర్డు ముట్టుకునే మనిషి ఉండడు. డిస్కును ఎలా విడగొట్టాలో, ఏ ప్యాకేజీలు కావాలో అంతా కిక్‌స్టార్ట్ ఫైల్లోనే ఉంటుంది. రెడ్ హ్యాట్, ఫెడోరా లినక్స్‌ల ఇన్‌స్టాలర్ అనకొండ దాన్ని చదువుకుంటూ పోతుంది. రీబూట్ అయి లాగిన్ స్క్రీన్ వస్తుంది. తీరా చూస్తే మానిటరింగ్ ఏజెంట్ లేదు. ఎర్రర్ మెసేజీ కూడా లేదు.

అడ్మిన్లకు పెద్ద చిక్కు ఆ మెసేజీ లేకపోవడమే. ఏజెంటును పెట్టాల్సింది చివర్లో నడిచే పోస్ట్ స్క్రిప్టు. అది చెడినా అనకొండ మామూలుగా ఆగదు. ఆపాలంటే ‘ఎర్రర్ ఆన్ ఫెయిల్’ ఆప్షన్ ఇవ్వాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. బాష్ లెక్కలో స్క్రిప్టు ఫలితమంటే దాని చివరి కమాండు ఫలితం. మధ్యలో డౌన్‌లోడ్ విఫలమైనా, ఆఖరి ఎకో సవ్యంగా నడిస్తే అంతా బాగున్నట్టే. అందుకే అనుభవమున్నవాళ్లు తప్పు దగ్గరే ఆగేలా, ప్రతి కమాండూ కనిపించేలా పైనే ‘సెట్ మైనస్ ఈఎక్స్’ రాసి, లాగ్ ఆప్షన్‌తో అవుట్‌పుట్ మొత్తాన్నీ రూట్ ఫోల్డర్‌లోని ఫైలుకు మళ్లిస్తారు. ఆ ఒక్క ఫైలు సగం తలనొప్పి తీరుస్తుంది.

అదే స్క్రిప్టును బూట్ అయ్యాక చేత్తో నడిపితే చక్కగా పనిచేస్తుంది! ఎందుకంటే పోస్ట్ స్క్రిప్టు నడిచేది సీహెచ్‌రూట్‌లో, అంటే ఇంకా బూట్ కాని కొత్త సిస్టమ్ లోపల. గోడల్లో వైర్లు లాగి ఇంకా మీటరు బిగించని ఇల్లు లాంటిది అది. అక్కడ సిస్టమ్‌సీటీఎల్‌తో సర్వీసును స్టార్ట్ చేయమంటే పట్టించుకోదు. ఎనేబుల్ చేయమంటే చేస్తుంది, అది లింకులు పెట్టడమే కాబట్టి. డీహెచ్‌సీపీతో అడ్రసు తీసుకున్న మెషీన్‌లో ఆ దశకు రిజాల్వ్ కాన్ఫ్ ఫైలు సిద్ధం కాకపోవచ్చని రెడ్ హ్యాట్ డాక్యుమెంటేషనే చెబుతోంది. నెట్‌వర్క్ ఉంటుంది, హోస్ట్ పేరు మాత్రం ఐపీగా మారదు. డౌన్‌లోడ్ అక్కడే ఆగిపోతుంది.

కిక్‌స్టార్ట్ లాంటి పనే చేసే డెబియన్ ప్రీసీడ్‌లో తంటా వేరు. అక్కడ చివర్లో వచ్చే లేట్ కమాండ్ నడిచేది బిజీబాక్స్ షెల్‌లో. బాష్ అలవాటుతో రాసిన అర్రేలు అక్కడ చెల్లవు. లేట్ కమాండ్ వరుసలు రెండు రాస్తే రెండోదే మిగులుతుంది.

మళ్లీ కిక్‌స్టార్ట్‌కు వస్తే, కేఎస్‌వ్యాలిడేటర్‌తో ఫైలు సరిచూసుకోవడం మంచి అలవాటే. కానీ ప్రీ, పోస్ట్ సెక్షన్ల లోపలికి అది తొంగిచూడదు. ఇన్‌స్టలేషన్ బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి షెల్‌లోకి వెళ్లాలి. టెంప్ ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ లాగ్, స్టోరేజ్ లాగ్ ఉంటాయి. ఇన్‌స్టలేషన్ ముగిశాక అవే వార్ లాగ్ కింద అనకొండ ఫోల్డర్‌లో దొరుకుతాయి.

ఇంత జాగ్రత్త పడేకన్నా పోస్ట్ స్క్రిప్టును చిన్నగా ఉంచడమే మేలు. నెట్‌వర్క్ కావాల్సిన పనులన్నీ మొదటి బూట్‌లో ఒక్కసారే నడిచే సర్వీసుకు అప్పగించి, పోస్ట్‌లో దాన్ని ఎనేబుల్ చేసి వదిలేయవచ్చు. అప్పుడది నడిచేది సీహెచ్‌రూట్‌లో కాదు, నిజంగా బూట్ అయిన మెషీన్‌లో. ఏదైనా తప్పితే జర్నల్‌లో ఆ సర్వీసు పేరుమీదే కనిపిస్తుంది.