ఎస్.వి.రంగారావుగారి నటనా శిల్పము

నటుని వైవిధ్యమును వేషముల లెక్కతో కొలుచుట మనకు అలవాటైనది. మాంత్రికుడు, రాక్షసుడు, జమీందారు, వృద్ధ జనకుడు అని పట్టీ వ్రాసి తృప్తిపడుదుము. కాని కిరీటమును, గడ్డమును మార్చినంత మాత్రమున పాత్ర మారదు. ఆహార్యమును ఇతరులు సమకూర్పగలరు. దేహము, మాట, మనోభావములకు చెందిన ఆంగిక, వాచిక, సాత్త్వికములను నటుడే తనలోనుండి తీసి యీయవలెను. ఈ సత్యమును తెలుగు తెరపై ఎస్.వి.రంగారావుగారు నిరూపించినంత నిండుగా నిరూపించినవారు అరుదు.

1918లో నూజివీడున జన్మించిన ఆయన, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో చేయి తిరిగి, కొంతకాలము అగ్నిమాపక శాఖలో ఉద్యోగము చేసి, సినిమాకు వచ్చిరి. తొలి చిత్రము 'వరూధిని' పేరు తేలేదు. 1951 నాటి 'పాతాళభైరవి' తెచ్చినది. రంగస్థలముపై చివరి వరుసవానికి వినిపించుటకై కంఠమెత్తవలసియుండగా, మైకు ముందు దానినే తగ్గించి, 'డింభకా' యను పిలుపును సాగదీసి, లాలనలోనే బెదరింపును పొదిగి నేపాళ మాంత్రికుని సృష్టించిరి.

1955లో వచ్చిన రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. 'మిస్సమ్మ' నాటికి 37 ఏండ్లైనను నిండని నటుడు, మెత్తని మాటతో, తీరుబడి నడకతో పెద్దవయసు జమీందారై కనిపించును. బి.ఎన్.రెడ్డిగారి 'బంగారుపాప'లోని కోటయ్య మోటువాడు. ఒక పసిపాప చేరికతో ఆ కరకు గుండె కరగుటను ఆయన కన్నీటితో చాటక, పెద్ద చేతులు నేర్చుకొను మృదుత్వముతో తెలిపిరి. దేహమొక్కటే, బరువు మోయు తీరు వేరు.

'మాయాబజార్' (1957)లో వివాహభోజన ఘట్టమున కంఠము మాధవపెద్ది సత్యంగారిది. ఆ పాటకు పెదవులు కదపుటతో ఆగక, ఘటోత్కచుడైన రంగారావుగారు వంటకములను ముందు చూపుతోనే ఆరగింతురు. అట్టి ఘటోత్కచుడు తల్లి హిడింబ యెదుట వినయముగల బిడ్డయగును. ఘటోత్కచుడు ధరించిన మాయా శశిరేఖ రూపమున సావిత్రిగారు నటించినపుడు, సుకుమారమైన ఆ స్త్రీరూపములోనుండి ఘటోత్కచుని నడకయు, దర్పమును తొంగిచూచును. ఒక నటుని ఆంగికము మరియొకరి దేహములోనికి ప్రవేశించియు గుర్తింపబడుచున్నదన్నచో, దాని రేఖ ఎంత స్ఫుటమో వేరుగ చెప్పవలెనా?

'నర్తనశాల' (1963)లోని కీచకునికి జకార్తా చలనచిత్రోత్సవము ఉత్తమ నటుని బహుమతి నిచ్చినది. అంతకు మునుపే జపానులో ఇట్టి నటుడే యైన తకాషి షిమురా, దర్శకుడు కురొసావా చిత్రము 'ఇకిరు' (1952)లో మరణమునకు చేరువైన ప్రభుత్వోద్యోగిగా, 'సెవెన్ సమురాయ్' (1954)లో స్థితప్రజ్ఞుడైన యోధనాయకుడుగా నటించెను. కథానాయక పీఠము ఈ యిద్దరికి నిత్యము దక్కలేదు. అయినను కథ నిలుచుటకు వలసిన బలము వీరిదే.

రంగారావుగారి శిల్పము నేటి పిల్లలకు పాఠమును కాగలదు. కంప్యూటరు ఉద్యోగుల నగరభాగమైన బెంగుళూరు వైట్‌ఫీల్డులో తెలుగు కుటుంబములు అసంఖ్యాకము. అక్కడి పిల్లలకు తెలుగు ఇంటిమాటగానే మిగులుచున్నది. మాటకు ఎన్ని శ్రుతులున్నవో, గద్దింపునకును గారాబమునకును నడుమ ఎన్ని మెట్లున్నవో వారు వినవలెనన్నచో రంగారావుగారి చిత్రములకు మించిన పాఠము లేదు. పెద్దలు ప్రక్కన కూర్చుండి చూపింపవలెను. 'మిస్సమ్మ' వెంటనే 'బంగారుపాప'ను చూపి, ఇద్దరును ఒక్కరేయని చివర చెప్పవలెను. 1974లో గతించిన ఆ మహానటునికి మనము చేయగల సన్మానములలో విగ్రహములకంటె ఇదియే ఉత్తమము.