దసలి పట్టు నుంచి కీలు దాకా

మరమ్మతు విద్యలన్నిటిలోనూ అతుకు వేయడమే కష్టం. శరీరం విషయంలో అది మరీ కష్టం. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు ఎముకను చేరేచోట గీత గీసినట్టు ఆగిపోదు. మెత్తని పీచు క్రమంగా మృదులాస్థిగా, తర్వాత ఖనిజం చేరిన మృదులాస్థిగా, చివరకు ఎముకగా మారుతుంది కనుక లాగుడు బలమంతా ఒక్కచోటే పడదు. తెగిన స్నాయువును శస్త్రచికిత్సతో ఎముకకు కుట్టినా ఈ మార్పు మునుపటిలా తిరిగి ఏర్పడదు. రాతికి తాడు అతికించినట్టు, బలహీనత అతుకు దగ్గరే మిగులుతుంది.

ఈ లోటు తీర్చడానికి రూపొందుతున్నవే గ్రేడియెంట్ జీవపదార్థాలు, అంటే గట్టిదనం, ఖనిజం, రంధ్రాల పరిమాణం వంటి గుణాలు ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా మారే, కణాలు పెరగడానికి ఆసరా ఇచ్చే ఆధారాలు. రెండు ద్రావణాల పాళ్లను మారుస్తూ త్రీడీ ముద్రణ చేసి వీటిని తయారుచేయవచ్చు. మూలకణాలు మెత్తని జెల్ మీద నాడీకణాల లక్షణాలను, గట్టి జెల్ మీద ఎముక కణాల లక్షణాలను చూపుతాయని 2006లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది. కాబట్టి ఆధారపు గట్టిదనం కణానికి ఒక సూచన కూడా.

ఇందుకు పనికొచ్చే పదార్థాల్లో ఒకటి భూపాలపల్లి జిల్లాకు కొత్తది కాదు. మద్ది ఆకు తినే పట్టుపురుగుల గూళ్ల (కాయల) నుంచి తీసిన దసలి పట్టుకు అక్కడి మహదేవ్‌పూర్ పేరుపొందింది. జనగామ మార్కెట్‌కు వచ్చే మల్బరీ గూళ్లలోనూ, దసలి కాయల్లోనూ దారానికి మూలం ఫైబ్రాయిన్ అనే ప్రొటీనే. అయితే కణాలు పట్టుకుని నిలవడానికి తోడ్పడే అర్జినైన్, గ్లైసిన్, అస్పార్టిక్ ఆమ్లాల వరుస దసలి ఫైబ్రాయిన్‌లో సహజంగా ఉంటుంది, మల్బరీలో ఉండదు. దసలి కాయ మాత్రం మల్బరీ గూడంత సులువుగా కరగదు. అందుకే పరిశోధకులు తరచు పురుగు పట్టుగ్రంథుల నుంచే ఆ ప్రొటీన్‌ను సేకరిస్తారు.

ఇలా కణజాలాలను నిర్మించడం తెలుగు నేలకు దూరపు విద్య కాదు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి త్రీడీ ముద్రణతో కృత్రిమ కార్నియాను రూపొందించి కుందేలు కంటిలో అమర్చినట్టు 2022లో ప్రకటించాయి. అయితే దసలి పట్టును వైద్యానికి వాడాలంటే ఒక చిక్కుంది. అడవి చెట్ల మీద పెరిగే దసలి కాయల్లో గుణం ఒక పంటకూ మరో పంటకూ మారుతుంది, వైద్యానికి మాత్రం ప్రతిసారీ ఒకే గుణం కావాలి. కనుక హైదరాబాద్, వరంగల్ పరిశోధన సంస్థలు మహదేవ్‌పూర్ దసలి రైతులతో కలిసి ముందుగా కాయల నాణ్యతా ప్రమాణాలను నిర్ణయించాలి. ఆ పని ఫలిస్తే వచ్చే ఆదాయంలో రైతుకూ వాటా ఉండాలి.