డోలు, పడిగె, పాట: సకిని రామచంద్రయ్య కళ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

పూర్వపు వరంగల్ జిల్లాలోని మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఆ తల్లుల గాథను డోలు మీద గానం చేసిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య. ఆయనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలంలోని కూనవరం. భారత ప్రభుత్వం ఆయనకు 2022లో పద్మశ్రీ ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన మరణించారు. ఆయన కళను జానపద సంగీతంగా మాత్రమే పరిగణించడం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కళాస్వరూపం:

కోయ సమాజంలో వంశచరిత్రలను గానం చేసే బాధ్యత డోలీలది. వారి గానానికి ఆధారం పడిగె. ఇది వేల్పుల, పూర్వీకుల బొమ్మలు కలిగిన త్రికోణాకారపు గుడ్డ. బొమ్మ కథాక్రమాన్ని స్ఫురింపజేస్తుంది. పేర్లు, గోత్రాలు, బంధుత్వాలు డోలీ జ్ఞాపకంలో ఉంటాయి. డోలు దెబ్బ ఆ జ్ఞాపకాన్ని నడిపిస్తుంది. కోయ, తెలుగు భాషలు రెండింటిలోనూ పాడగలిగిన రామచంద్రయ్యలో గాయకుడు, వాద్యకారుడు, కథకుడు, చిత్రవ్యాఖ్యాత, వంశచరిత్రకారుడు ఏకమయ్యారు. వీటిలో ఏ ఒక్కదానిని విడదీసినా తక్కినవి అసంపూర్ణమవుతాయి.

గానప్రయోజనం:

బహుళ ప్రచారంలో ఉన్న మేడారం కథకు కాకతీయ ప్రతాపరుద్రుని సేనతో జరిగిన పోరే కేంద్రం. కప్పం చెల్లించలేని పగిడిద్దరాజు, సంపెంగవాగులో ప్రాణం విడిచిన జంపన్న, చిలుకలగుట్టపై అదృశ్యమైన సమ్మక్క అందులో ప్రధాన ఘట్టాలు. డోలీ గానంలో వీరత్వంతో పాటు వంశక్రమానికీ ప్రాధాన్యం ఉంది. ఏ గోత్రం ఏ గట్టుకు చెందుతుంది, ఏ వేల్పును కొలవాలి, ఎవరితో వియ్యం పొసగుతుంది అనేవి కోయ శ్రోతకు నిత్యజీవిత విషయాలు. కథాంశాన్ని మాత్రమే సేకరించి అచ్చువేస్తే వీరగాథ మిగులుతుంది గాని, సమాజాన్ని కట్టి ఉంచే ఈ వ్యవస్థ జారిపోతుంది.

ముగింపు:

పురస్కారం రామచంద్రయ్యకు గుర్తింపు తెచ్చింది. అయితే ‘జానపదం’ అన్న వర్గీకరణలో ఆయన విద్యలోని శాస్త్రభాగం మరుగున పడింది. పడిగెను వస్తుప్రదర్శనశాలలో భద్రపరచవచ్చు, పాటను ధ్వనిముద్రణ చేయవచ్చు. కానీ ఏ బొమ్మ వద్ద ఏ పేరు పలకాలో తెలిసిన డోలీ లేనప్పుడు పడిగె మూగదవుతుంది. కాబట్టి డోలీ విద్యపై పరిశోధన పాఠసేకరణతో ఆగకుండా, బొమ్మ, పాట, డోలులను కలిపి నేర్చుకునే కోయ యువతకు తోడ్పడవలసి ఉంది.