తారను చూడడం, నటనను చూడడం: ‘సన్‌సెట్ బులవార్డ్’

తారను అభిమానించడం వేరు, ఆ తార నటనను పరిశీలించడం వేరు. ఈ తేడా మీకు స్పష్టం కావాలంటే బిల్లీ వైల్డర్ దర్శకత్వం వహించిన ‘సన్‌సెట్ బులవార్డ్’ (1950) చూడండి. వీలైతే రెండుసార్లు చూడండి. మొదటిసారి కథే మనల్ని లాక్కుపోతుంది.

కథ క్లుప్తంగా ఇది. నోర్మా డెస్మండ్ మూకీల కాలంలో మహాతార. టాకీలు వచ్చాక మరుగున పడింది. పాత భవంతిలో నౌకరు మాక్స్‌తో ఉంటూ, మళ్ళీ తెర మీదికి వస్తానని నమ్ముతూ ఉంటుంది. అప్పుల్లో మునిగిన రచయిత జో గిలిస్ ఆ ఇంట్లో చిక్కుకుంటాడు. హత్యకు గురైన జోయే మనకు ఈ కథ చెబుతాడు.

ఇప్పుడు పాత్రధారులను గమనించండి. నోర్మాగా నటించిన గ్లోరియా స్వాన్సన్ నిజంగానే మూకీల తార. మాక్స్‌గా నటించిన ఎరిక్ వాన్ స్ట్రోహీమ్ ఒకప్పటి పెద్ద దర్శకుడు. నోర్మా ఇంట్లో వేసుకుని చూసే పాత చిత్రం ‘క్వీన్ కెల్లీ’. స్వాన్సన్‌తో స్ట్రోహీమ్ మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయిన చిత్రం అదే. పేకాట బల్ల దగ్గర దాదాపు మాట లేకుండా కూర్చున్న వ్యక్తి బస్టర్ కీటన్!

స్టూడియో దృశ్యం దగ్గర కాసేపు ఆగండి. దర్శకుడు సిసిల్ బి. డెమిల్ తన పాత్రను తానే పోషించారు. నోర్మా ఆయన కుర్చీలో కూర్చుని ఉండగా మైక్రోఫోన్ వచ్చి ఆమె టోపీకి తగులుతుంది. ఆమె దాన్ని చీదరగా పక్కకు నెడుతుంది. తనను మరుగున పడేసింది ఆ మైకే కదా. అంతలో పైనున్న పాత లైట్‌మన్ ఆమెను గుర్తుపట్టి దీపం ఆమె మీదికి తిప్పుతాడు. జనం చుట్టూ మూగుతారు. ఆ వెలుగు ఎంతోసేపు ఉండదు. స్టూడియోవారికి కావలసింది ఆమె పాతకారు మాత్రమేనన్న సంగతి డెమిల్ ఆమెకు చెప్పలేకపోతాడు. ఇంకొక విషయం: యాభై ఏళ్ళ నోర్మా ఇక్కడ ముసలిది. అరవై దాటిన డెమిల్ మాత్రం దర్జాగా చిత్రం తీస్తున్నాడు. ఈ అన్యాయాన్ని చిత్రం మాటల్లో చెప్పదు, పక్కపక్కన నిలబెట్టి చూపుతుంది.

స్వాన్సన్ నటన ‘అతి’ అని మీకు అనిపించవచ్చు. విప్పారిన కళ్ళు, గాలిలో వంకరలు తిరిగే వేళ్ళు. అయితే జోను నవ్వించడానికి నోర్మా చాప్లిన్‌ను అనుకరించే ఘట్టం చూడండి. ఎంత తేలిక, ఎంత అదుపు! అంటే ఆ అతి పాత్రది, నటిది కాదు. నోర్మాను వట్టి పిచ్చిదిగా తీసిపారేసే వ్యాఖ్యానంతో అందుకే నేను ఏకీభవించను.

చివరి దృశ్యంలో ఆమె మెట్లు దిగుతుంటే అందరి చూపూ ఆమె మీదే ఉంటుంది. రెండోసారి చూసేటప్పుడు మీరు ఆమెను వదిలి, కెమెరాల పక్కన నిలబడి మళ్ళీ దర్శకుడైపోయిన మాక్స్ ముఖం చూడండి.