పాఠం 7: క్వీన్ బృందం ‘హాట్ స్పేస్’ ఆల్బమ్ – ఒక విమర్శ

7.0 పరిచయం

ఒక రచన అమ్ముడుపోకపోవడం, అది బాగా లేకపోవడం రెండూ ఒకటే అనుకోవడం విమర్శలో తరచుగా జరిగే పొరపాటు. ఈ పాఠంలో ఆ రెంటినీ విడదీసి చూడడం అభ్యాసం చేద్దాం. ఇందుకు ఎంచుకున్నది బ్రిటన్‌కు చెందిన క్వీన్ అనే రాక్ బృందం 1982 మే నెలలో విడుదల చేసిన ‘హాట్ స్పేస్’. రాక్ బృందం నాట్యసంగీతం చేయబోయి బోల్తా పడిందని చెప్పడానికి చాలామంది చూపే ఉదాహరణ ఇది. బోల్తా పడిన మాట నిజమే. ఎందుకు పడింది అన్న ప్రశ్నకు మాత్రం సాధారణంగా వినిపించే సమాధానం సరిపోదు.

7.1 నేపథ్యం

క్వీన్‌లో నలుగురు సభ్యులు: గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ, గిటారు వాద్యకారుడు బ్రయన్ మే, డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్, బేస్ గిటారు వాయించే జాన్ డీకన్. (మెర్క్యురీ జాంజిబార్‌లో పుట్టిన పార్సీ. అసలు పేరు ఫరోఖ్ బల్సారా. మహారాష్ట్రలోని పంచ్‌గనిలో బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నాడు.) నలుగురూ పాటలు కట్టగలవారే. గొంతు మీద గొంతు, గిటారు మీద గిటారు పొరలుపొరలుగా రికార్డు చేసి నిండుదనం తేవడం వీరి పద్ధతి. సింథసైజర్ వాడలేదని 1970లలో తమ ఆల్బమ్ అట్టల మీద గర్వంగా అచ్చువేయించుకున్నారు కూడా.

1980లో వచ్చిన ‘ది గేమ్’ ఆల్బమ్‌లో డీకన్ కట్టిన ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ అనే పాట ఉంది. న్యూయార్క్ నృత్యసంగీత బృందం షీక్ ప్రభావం దాని బేస్ గిటారు వరుసలో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి శ్రోతల రేడియో స్టేషన్లు కూడా దాన్ని మోగించాయి. మెర్క్యురీకీ, డీకన్‌కూ ఈ దారి నచ్చింది. మే, టేలర్‌లకు అంతగా రుచించలేదు. ‘హాట్ స్పేస్’ పుట్టింది ఈ వాతావరణంలోనే.

‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు’ అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇక్కడ ఆ సామెత అతకదు. క్వీన్ అనుకరించింది ఇతరులను కాదు, రెండేళ్ల కిందటి తన విజయాన్నే.

7.2 కాలం, అభిరుచి

అప్పటికి అమెరికాలో డిస్కో మీద ఏవగింపు బలంగా ఉంది. 1979 జూలై 12న చికాగోలోని కామిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను పోగుపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూసుకురావడంతో ఆ రోజు జరగవలసిన రెండో ఆట ఆగిపోయింది. డిస్కోను పెంచి పోషించినవారిలో నల్లజాతివారు, లాటినోలు, స్వలింగ సంపర్కులు ఎక్కువ. ఆ ఏవగింపులో సంగీతాభిరుచి ఎంత, ఆ మనుషుల మీద చులకన ఎంత అన్నది చరిత్రకారులు నేటికీ అడుగుతున్న ప్రశ్న. కనుక ‘రాక్ అభిమానులు తిరస్కరించారు, కాబట్టి ఆల్బమ్ చెడ్డది’ అనే వాదాన్ని మనం అనుమానంతోనే చూడాలి. మన దేశంలో ‘డిస్కో డాన్సర్’ సినిమా వచ్చిందీ 1982లోనే!

‘ది గేమ్’ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానం పొందితే, ‘హాట్ స్పేస్’ బ్రిటన్‌లో 4వ స్థానం, అమెరికాలో 22వ స్థానం దగ్గర ఆగింది. ఈ అంకెలు ఆదరణను చెబుతాయి, అంతే.

7.3 అసలు లోపం

‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ మళ్లీ వినండి. అందులో వాద్యాలు చాలా తక్కువ. టేలర్ వాయించిన దరువునే టేపు మీద లూపుగా తిప్పారు. బేస్ వరుస నాలుగడుగులు వేసి ఆగుతుంది. ఆ ఆగిన చోట ఏం జరుగుతుందోనని చెవి ఎదురుచూస్తుంది. ఖాళీయే పాటకు బిగువు ఇచ్చింది.

‘హాట్ స్పేస్’ మొదటి వైపున ఉన్న ‘బాడీ లాంగ్వేజ్’లోనూ ఖాళీ ఉంది. గిటారు దాదాపు వినిపించదు. సింథసైజర్ బేస్ ఒకే వరుసను తిప్పుతూ ఉంటుంది, కానీ ఆ తిరుగుడులో ఎదురుచూపు లేదు. వాద్యాలను తీసేశారు గాని, మిగిలినవాటికి కొత్త పని అప్పగించలేదు. ఇల్లు విశాలంగా కనబడాలని సామాను బయటపెట్టడం వేరు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవడం వేరు. మెర్క్యురీ గొంతు ఒక్కటే ఆ ఖాళీలో ఎంతో శ్రమపడుతుంది.

‘స్టేయింగ్ పవర్’లో లోపం మరో రకం. బ్రాస్ వాద్యాల కూర్పు ఆరిఫ్ మార్దిన్ చేశాడు. ఆయన సోల్ సంగీతంలో ఆరితేరిన నిర్మాత. ఆ కూర్పు చురుకుగానే ఉంది. కింద యంత్రపు దరువు మాత్రం బల్లమీద కొట్టినట్లు పొడిగా ఉండిపోయింది. టేలర్ వంటి బలమైన డ్రమ్స్ వాద్యకారుణ్ని పక్కన కూర్చోబెట్టి డ్రమ్ మెషీన్‌తో నడిపించిన పాట నాట్యానికి పిలవడం కష్టం.

ఇంకొకటి, నా దృష్టిలో ఇదే పెద్దది. నాట్యసంగీతం మొదటి వైపుకే పరిమితమైంది. రెండో వైపు తిప్పగానే ‘పుట్ అవుట్ ది ఫైర్’తో పాత రాక్ ధోరణి వచ్చేస్తుంది. ఆ తరువాత జాన్ లెన్నన్ స్మృతిగా మెర్క్యురీ కట్టిన నెమ్మది పాట. సగం మంది ఒప్పుకోని పనిని సగం ఆల్బమ్‌లో చేశారన్నమాట. వైవిధ్యం క్వీన్‌కు కొత్త కాదు. వెనుకటి ఆల్బమ్‌లలో ఆ వైవిధ్యం నలుగురి ఉమ్మడి హుషారు. ఇక్కడ అది పంపకంలా వినిపిస్తుంది.

7.4 ఒక సాక్ష్యం

పాటలే బలహీనమైనవి అనేవారికి ఒక సమాధానం ఉంది. 1982 జూన్ 5న ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ బౌల్‌లో క్వీన్ ఇచ్చిన కచేరీ 2004లో రికార్డుగా వెలువడింది. అందులో ‘స్టేయింగ్ పవర్’, ‘యాక్షన్ దిస్ డే’, ‘బ్యాక్ చాట్’ ఉన్నాయి. వేగం పెరిగింది. టేలర్ చేతులు, మే గిటారు తిరిగి వచ్చాయి. నిర్జీవమనుకున్న పాటలు లేచి కూర్చున్నాయి. లోపం పాటల కట్టుబడిలో కన్నా స్టూడియోలో తీసుకున్న నిర్ణయాల్లో ఎక్కువగా ఉందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఆల్బమ్ చివర ఉన్న ‘అండర్ ప్రెషర్’ను కూడా గమనించండి. డేవిడ్ బోవీతో కలిసి స్విట్జర్లండ్‌లోని మోంత్రోలో అప్పటికప్పుడు అల్లిన ఈ పాట 1981లోనే విడుదలై బ్రిటన్‌లో మొదటి స్థానం పొందింది. నాట్యం కోసమని ఎవరూ తలపెట్టని ఈ పాటలోని బేస్ వరుసకే ‘హాట్ స్పేస్’ మొత్తంలో కాళ్లు ఎక్కువగా కదులుతాయి.

అభ్యాసం: ‘యాక్షన్ దిస్ డే’ పాటను ఆల్బమ్‌లోనూ, మిల్టన్ కీన్స్ కచేరీలోనూ వినండి. దరువు, గిటారు, వేగం – ఈ మూడింటిలో దేని మార్పు మీ అభిప్రాయాన్ని ఎక్కువగా మార్చిందో పది వాక్యాల్లో రాయండి. అమ్మకాల లెక్కలు ప్రస్తావించవద్దు.