పక్కనున్న రంగు చేసే పని

బీఎఫ్‌ఏలో చేరిన పిల్లలకు మొదటి వారమే ఒక జాబితా అందుతుంది. రేఖ, ఆకారం, ఘనరూపం, రంగు, వెలుగునీడలు, టెక్స్చర్, ఖాళీ జాగా. ఏ పుస్తకం తెరిచినా ఒకటి అటూ ఇటూగా ఇవే ఉంటాయి. పిల్లలు వీటిని ఎక్కాల్లా బట్టీ పట్టేస్తారు. ఇంటర్ గట్టెక్కి వచ్చినవాళ్లు కదా, ఆ విద్య వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నిలువు గీత ఠీవికి గుర్తు, అడ్డగీత ప్రశాంతతకు, ఏటవాలు గీత చలనానికి అని పరీక్షలో గడగడా రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ తర్వాత బల్ల మీద ఒక చెంబూ రెండు నిమ్మకాయలూ పెట్టి గీయమంటే, షీటు నట్టనడుమ చిన్న చెంబు గీసి, చుట్టూ ఉన్న చోటంతా తమది కానట్టు వదిలేస్తారు.

జాబితాతో నాకు పేచీ లేదు. దాన్ని వారానికొకటి చొప్పున విడగొట్టి చెప్పడంతోనే పేచీ. కాగితం మీద ఏదీ ఒంటరిగా బతకదు. గీత లావో సన్నమో పక్క గీతను బట్టి తెలుస్తుంది. ఎరుపు ఎంత ఎర్రగా ఉందో దాని చుట్టూ ఉన్న రంగు తేలుస్తుంది. ఈ సంగతి మొదట్లోనే కంటికి అనుభవంలోకి రాకపోతే మిగతా పాఠమంతా నిర్వచనాలే. అందుకే నా క్లాసు పెన్సిల్‌తో మొదలవదు. కత్తెరతో మొదలవుతుంది.

ముందుగా తెలుపూ నలుపూ పోస్టర్ కలర్లు కలిపి ఒక డ్రాయింగ్ షీటు ముక్కకు బూడిదరంగు పూయమంటాను. మరీ ముదురు కాకుండా, మరీ లేత కాకుండా. ఇక్కడే సగం పూట గడిచిపోతుంది. నీళ్లు ఎక్కువైతే మరకలు కడతాయి, తక్కువైతే బ్రష్షు జాడలు మిగులుతాయి. తెలుపులో నలుపును కొసరి కొసరి వేసుకుంటూ పోవాలి. నలుపులో తెలుపు కలుపుతూ కూచున్నవాడికి డబ్బా ఖాళీ అవుతుందే గాని షేడ్ రాదు. పైగా తడిగా ఉన్నప్పుడు కనిపించిన షేడ్ ఆరాక ఉండదు. బాగా ఆరాక ఆ ఒక్క షీటులోంచే రెండు చదరాలు కత్తిరించి, ఒకటి నల్లచార్టు మధ్యలో, ఇంకొకటి తెల్లచార్టు మధ్యలో అంటించాలి. రెండు చార్టులూ గోడకు పక్కపక్కనే తగిలించి, గది వెనక గోడ దాకా వెళ్లి చూడమంటాను.

నలుపు మీదున్న ముక్క తేటపడుతుంది. తెలుపు మీదున్నది కమిలినట్టు ముదురుగా కనిపిస్తుంది. ఏటా ఎవరో ఒకరు అనే మాటే ఇది: “మేడమ్, వీడు రెండు షేడ్లు కలిపాడు.”

“వాడు కలపలేదురా. నీ షీటే కత్తిరించి తెచ్చి అంటించు.”

తన ముక్కలూ అలాగే మోసం చేశాక వాడి మొహం చూడాలి. అప్పుడు ఒక అట్టకు రెండు కన్నాలు చేసి, రెండు చార్టుల మీదా ఆనిస్తాను. కన్నాల్లోంచి బూడిదరంగు ఒక్కటే కనిపిస్తుంది. అట్ట తీయగానే మళ్లీ రెండూ రెండు రంగులు. నిజం తెలిశాక కూడా కన్ను మాట వినకపోవడమే వాళ్లను ఎక్కువ చికాకు పెడుతుంది. ఆ చికాకు నాకు కావాలి. క్లాసులో అంతకంటే గట్టిగా దిగే పాఠం నా దగ్గర లేదు.

ఇదే తలనొప్పి పారిస్‌లోని గోబెలిన్ చిత్రవస్త్రాల కార్ఖానాకూ వచ్చింది. 1824లో అక్కడి అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. నీలం, ఊదా బట్టల మడతల్లో నీడ కోసం నేసిన నల్లనూలు నల్లగా కనిపించడం లేదని నేతగాళ్ల ఫిర్యాదు. అద్దకంలోనే లోపముందేమోనని ఆయన బయటి కార్ఖానాల నుంచి కూడా నల్ల ఉన్ని తెప్పించి పోల్చి చూశాడు. తమ నూలు దానికేమీ తీసిపోలేదు. లోపం రంగులో లేదు, నలుపు పక్కన కూచున్న నీలంలో ఉంది. ఆ పరిశీలనలన్నీ కలిసి 1839లో పెద్ద పుస్తకంగా వచ్చాయి. మరో శతాబ్దానికి పైగా గడిచాక, చిత్రకళ నేర్పిన జోసెఫ్ ఆల్బర్స్ 1963లో ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ అచ్చు వేశాడు. ఆయన కూడా పిల్లల చేత రంగులు కలిపించడం కన్నా రంగుకాగితాలు కత్తిరించి పక్కపక్కన పెట్టించడానికే మొగ్గు చూపాడు. ఒక రంగును రెండు రంగుల్లా కనిపించేట్టు చెయ్యి, రెండింటిని ఒకటిగా కనిపించేట్టు చెయ్యి, ఇవీ ఆయన పెట్టిన లెక్కలు. రెండోది మహా కష్టం. మా వాళ్లలో బాగా చేసినవాళ్లు తక్కువ.

ఇవన్నీ చెప్పాక పిల్లలు ఇదంతా పరదేశం సరుకనుకునే ప్రమాదముంది. అందుకని చేర్యాల పటం ఒకటి బల్ల మీద పరుస్తాను. కథ ఏదైనా నేలంతా చిక్కటి ఎరుపే. ఆ ఎరుపు మీద పసుపు దేహం వెలిగిపోతుంది. అదే పసుపును తెల్లషీటు మీద పూసి పక్కన పెడితే వెలవెలబోతుంది. పటం రాసే నకాషీలు ఈ సూత్రానికి పేరు పెట్టుకున్నారో లేదో గాని, పని మాత్రం దాన్ని ఎరిగి చేసిందే.

తర్వాత తేలియా రుమాలు. చీరాలలో పేరు తెచ్చుకుని, పుట్టపాకలో ఇప్పటికీ నేస్తున్న బట్ట. నూనె పట్టించిన నూలు, రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. నేయకముందే నూలుకు కట్లు కట్టి అద్దుతారు కాబట్టి ఏ అంచూ కత్తితో కోసినట్టుండదు, కొంచెం చెదిరి ఉంటుంది. ఆ ఎరుపూ నలుపూ రెండూ ముదురువే. దూరం నుంచి చూస్తే కలిసిపోవాలి. వాటి నడుమ తెల్లటి చుక్కలూ గీతలూ వచ్చి దేన్నెక్కడ ఆపాలో అక్కడ ఆపుతాయి. వెలుగునీడలంటే చెంబుకు షేడింగ్ వేయడమే అనుకునే పిల్లలకు ఇది కొత్త కబురు. బల్ల మీద నీడ పడే వస్తువే లేదు, అయినా పని జరిగేది లేత, ముదురుల తేడాతోనే.

ఖాళీ జాగా గురించి ఎక్కువ చెప్పను. బాపు బొమ్మ ఒకటి ఇచ్చి, మనిషిని వదిలేసి, నడుం మీద పెట్టుకున్న చేతికీ నడుముకీ మధ్యనున్న తెల్లటి సందును మాత్రమే గీసుకు రమ్మంటాను. చేసుకొచ్చినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇప్పటి పిల్లలు రంగును నెంబరుగా ఎరుగుదురు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నొక్కితే ప్రతి రంగుకూ ఒక కోడ్ వస్తుంది. కోడ్ ఒకటే అయితే రంగూ ఒకటే అని వాదిస్తారు. నల్లచార్టు ముందు ఆ వాదన నిలవదు గాని, ఫోన్‌ను క్లాసులోంచి తరిమేయాలనే పట్టుదలా నాకు లేదు. దానికో పని అప్పజెప్పాను. మీ వీధిలో కట్టిన ఫ్లెక్సీల్లో పేరు సరిగా చదవలేకపోతున్నది ఒకటి ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి తీసుకు రండి అన్నాను. ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలున్న పుట్టినరోజు ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. రంగు తీసేసరికి నాయకుడి మొహం ఉంది, పేరు లేదు! రెండు రంగులూ ఒకే ముదురువి కావడంతో ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి.

ఒక అమ్మాయి మాత్రం, “అది మా మామయ్య షాపులో వేసిందే మేడమ్,” అని, ఆ సాయంత్రమే వెళ్లి ఆయనకు చూపించింది. ఆయనేం ఆశ్చర్యపోలేదట. అందుకే కదా అక్షరాలకు తెల్ల స్ట్రోక్ ఇస్తాం అన్నాడట. తేలియా రుమాలులో తెలుపు చేసే పనిని ఆయన రోజూ చేస్తున్నాడన్నమాట. మరి దీనికెందుకు ఇవ్వలేదని అడిగితే, “ఇచ్చాను. తెలుపు తీసేసి పసుపు పెట్టమన్నారు, తర్వాత ఫొటో పెద్దది చేయమని ఆ పసుపు కూడా తీయించారు,” అన్నాడట.